వాలు మీది గ్రెనాష్

వాలు మీది పాత ద్రాక్షతోటను పీకించేస్తానని పెద్దాయన గట్టిగా పట్టుపట్టాడు. వాళ్ళ తాత నాటిన గ్రెనాష్ రకం తీగలవి. వంకర మొద్దుల్లా నిలబడి, మొక్కకు నాలుగు గుత్తులు కాస్తే గొప్ప. ఆ ఒక్క పంటా తనకు వదిలేయమని కోడలు బతిమాలింది. వైను తయారీ అంతా ఆమె చేతిమీదే నడుస్తోంది కాబట్టి కాదనలేక, ట్రాక్టరు వాణ్ణి మరుసటేడు రమ్మన్నాడు.

ఆమె ఆ పళ్ళను విడిగా కోయించి, విడిగా పులియబెట్టి, రుచికి కాస్త పట్టు రావాలని సిరా అనే నల్లద్రాక్ష కలిపి పీపాలో పెట్టింది. సిరా పోస్తే తాగినవాళ్ళ కడుపులో అక్షరాలు పుడతాయని వేళాకోళం చేసి, ఆయన ఆ సంగతే మరిచిపోయాడు.

మరుసటేడు వియ్యంకుడు భోజనానికి వచ్చాడు. ఆయనా వైను చేసేవాడే. పైకి ఎంత బావగారూ బావగారూ అనుకున్నా, లోలోపల ఇద్దరికీ పోటీ. వస్తూ వస్తూ తన సీసా ఒకటి తెచ్చాడు. అందుకే కోడలు గాజుకూజాలోంచి వైను వంచినప్పుడు, అది వియ్యంకుడిదే అనుకున్నాడు పెద్దాయన.

గ్లాసు వెలుతురుకు పట్టి చూశాడు. అవతలి వేళ్ళు కనిపించేంత పలచటి ఎరుపు. నీళ్ళు కలిపాడు కాబోలని ముసిముసిగా నవ్వుకున్నాడు. వాసన చూసేసరికి ఆ నవ్వు కాస్తా ఎగిరిపోయింది. మిగలముగ్గిన స్ట్రాబెర్రీ, ఎండిన నారింజ తొక్క, వెనకాలెక్కడో మిరియాల ఘాటు. గుక్క పుచ్చుకుంటే నాలుక మీద మెత్తగా పరుచుకుని, గొంతులోకి వెచ్చగా దిగింది. మింగాక కూడా రుచి వదల్లేదు. ఆయనకు కడుపు మండిపోయింది, వైను వల్ల కాదు.

రెండో గ్లాసు సగమయ్యాక ఇక ఉండబట్టలేకపోయాడు.

"ఒప్పుకోక తప్పదు బావగారూ. ఏ తోటదండీ ఇది?"

వియ్యంకుడు తెల్లబోయాడు. "మీదే కదా? ఇందాకట్నుంచీ కుళ్ళి చస్తున్నాను."

ఇద్దరూ కోడలి వంక తిరిగారు. ఆమె నవ్వాపుకోలేక బల్ల అంచు పట్టుకుంది. తండ్రి తెచ్చిన సీసాకు ఇంకా మూతే తీయలేదట.

"వాలు మీది పళ్ళే మామయ్యగారూ. తీగకు నాలుగు గుత్తులేగా, ఉన్న సారమంతా వాటికే దక్కింది."

పెద్దాయన గ్లాసు కింద పెట్టి లేచాడు. వరండాలోకి వెళ్ళి, ట్రాక్టరు వాడికి ఫోన్ చేసి రావద్దన్నాడు. ఎందుకని వాడడిగితే, ఇంట్లో పెద్దవాళ్ళను ఎవరైనా పెకలించుకుంటారా అని వాణ్ణే కసిరాడు.

తిరిగొచ్చేసరికి వియ్యంకుడు, ఆ తీగల కొమ్మలు నాలుగిస్తే అంటు కట్టుకుంటానని కూతుర్ని కాకాపడుతున్నాడు. పెద్దాయన కూజాను తనవైపు లాక్కున్నాడు.

"ఇస్తాం లెండి. ముందు మీ వైనుకంటే మా కోడలి వైనే బాగుందని మీ నోటితో అనండి."

వియ్యంకుడు గ్లాసు ముందుకు చాపి, అది నిండేదాకా ఆ మాటే అంటూ కూర్చున్నాడు.