పత్తి కుప్ప మీద పాడిన ప్రమీల

ప్రమీల సొంత పాటల క్యాసెట్టు 1986లో వచ్చింది. అంతకుముందు ఆమె ఆదివారాలు చర్చిలో, పెళ్లిళ్ల రోజుల్లో సుందర్ రావు ఆర్కెస్ట్రాలో పాడేది. ఆర్కెస్ట్రాలో ఎప్పుడూ ఎవరో ఒక సినిమా గాయని గొంతు తెచ్చుకుని పాడాలి. దాంతో విసుగెత్తి బయటికొచ్చేసింది. గిటారు, డ్రమ్స్, కీబోర్డు పెట్టి, తానుండే మట్టెవాడలో మాట్లాడుకునే మాటలతోనే పాటలు కట్టింది.

"గిసొంటియి ఎవ్వలింటరు?" అని సుందర్ రావు నవ్వాడు. కానీ హోటళ్లలో, కాలేజీ హాస్టళ్లలో ఆ పాటలు మోగాయి.

దాంతో క్యాసెట్టు వేసిన రాజేశ్వర్ రావు, వాటిలో పత్తి ఏరే ఆడవాళ్ల పాటకు వీడియో తీద్దామన్నాడు. కేసముద్రం మార్కెట్ యార్డులో పత్తి కుప్ప మీద ఆమెను ఎక్కించారు. ప్యాంటు, ఎత్తు మడమల బూట్లు.

"బూట్లిడుస్త సార్, పత్తిల దిగబడతానయ్," అంది ప్రమీల.

"ఉండనియ్యి. కెమెరాల మస్తు కనబడతానయ్," అన్నాడతను.

వీడియో పార్లర్లలో, హైదరాబాదు పోయే వీడియో కోచ్ బస్సుల్లో ఆ పాట వేశారు. అక్కడి నుంచి లొల్లి మొదలైంది. లక్ష్మిని బూట్లతో తొక్కిందని యార్డు వ్యాపారులు ఊరేగింపు తీశారు. ప్యాంటు వేసి ఎగిరిన పిల్ల క్వయర్‌లో వద్దని చర్చి పెద్ద ప్రభుదాసు తేల్చేశాడు. రాజేశ్వర్ రావు మాత్రం, "బూట్లు ఆమె ఇష్టం, నాకేం ఎరుక?" అని తప్పుకున్నాడు.

ఒక విలేకరి ఇంటికొచ్చాడు.

"ఆ బూట్లు మీవేనా?"

"మీరు పాట విన్నరా?"

"వింటానమ్మా. బూట్లు మీవేనా?"

ప్రమీల లేచి లోపలికి పోయి తలుపు వేసుకుంది. ఆ పాటకు వరస కుదరడానికి ఎన్ని రోజులు తిండి సహించలేదో, 'నెత్తురంటిన పత్తి' అన్న ఒక్క మాట కోసం ఎంత వెతుక్కుందో అడిగినవాళ్లు ఒక్కరూ లేరు.

హన్మకొండలో ఒక సాయంత్రం పాటల సభకు పిలిచారు. నిర్వాహకుడు వెంకట్రాజం స్టేజీ పక్కన ఆపాడు. "ముందు మాఫీ అడుగు చెల్లె, ఎన్క పాడుకో."

పాడాలన్న ఆశతో ఒప్పుకుంది. మైకు ముందు నిలబడి, "పత్తి మీద బూట్లతోటి ఎక్కిన. తప్పైంది. గని పాటల ఏం తప్పున్నదో చెప్పుండ్లి, అది గుడ దిద్దుకుంట," అంది.

సభకొచ్చిన యార్డు వ్యాపారులు లేచి కేకలేశారు. వెంకట్రాజం భయపడి మైకు తీయించేశాడు. ప్రమీల ఆగలేదు. మైకు లేకుండానే పాట మొత్తం పాడింది. ముందు వరుసలవాళ్లకైనా వినబడిందో లేదో. మర్నాడు పేపర్లో 'గాయని క్షమాపణ' అని వేశారు. పాడిందన్న ముక్కే లేదు.

కొన్నాళ్లకు కొత్త పాటతో రాజేశ్వర్ రావు క్యాసెట్ల షాపుకు వెళ్లింది. అతను వినకుండానే హుషారుగా అన్నాడు: "ఈసారి గుడ ఏదన్న లొల్లయ్యేటట్టు తీద్దాం. లొల్లికే గద ఆ క్యాసెట్లు అమ్ముడుపోయినయ్!"

"పాట ఇనుండ్లి సార్."

"పాటదేమున్నది తల్లీ, ఏదో ఒకటి."

ఆమె మెట్లు దిగింది. ఇంటికొచ్చి సంచి విసిరికొట్టింది. తల్లి రాహేలు బియ్యంలో రాళ్లు ఏరుతోంది.

"ఏమైంది బిడ్డా?"

"నా పాట ఎవ్వలకు అక్కెర లేదు. ఇగ పాడ."

"నాకు పాడు. నేనింట."

ఆ కోపంతోనే, నిలబడే పాడింది ప్రమీల. రాహేలు చాట కింద పెట్టి చివరిదాకా విన్నది.

"రెండో చరణం జర సాగదీసినవ్," అంది.

ప్రమీలకు ఒళ్లు మండింది. "సాగదీసుడేంది? అది గట్లనే ఉండాలె!"

"ఉంటె ఉండనీ. నాకు గట్లనిపిచ్చింది."

ప్రమీల వాదించబోయి ఆగింది. చరణం మళ్లీ లోలోపల పాడి చూసుకుంది. చాట పక్కనే కూర్చుని, "ఎక్కడ సాగింది, చెప్పు," అంది.