మంచె ఎవరిది, పటాకులు ఎవరివి

కుందలహళ్ళి తెలుగు సంఘం హాలు కిక్కిరిసి ఉంది. వేదిక మీద ఐదు బడుల పిల్లలు ఐదు దేశాలై, ఒకే సైనిక కూటమిగా కూర్చున్నారు. గంట మోగేలోపు ఐదుగురూ ఒప్పందం మీద సంతకం పెడితే అందరూ గెలిచినట్టు. ఒక్కరు లేచిపోయినా అందరూ ఓడినట్టే. ముగ్గురు పెట్టేశారు. మిగిలింది పెద్ద దేశం మోహన్‌కుమార్, సరిహద్దులోని చిన్న దేశం సహన.

సహన పల్లవి శిష్యురాలు. పల్లవి మూడో వరుసలో, పక్క కుర్చీలో సంచి పెట్టుకుని కూర్చుంది. పోయినేడు ఆ కుర్చీలో ఆమె భర్త గిరీష్ ఉన్నాడు. ఈ ఆట కల్పించింది ఆయనే. పిల్లలు మంచి మాట అన్నప్పుడల్లా ఈల వేసేవాడు. "పంతులై ఉండి ఈలలేమిటండీ" అని పల్లవి ఆయన చొక్కా పట్టి లాగేది. పోయినేడు చివరి నిమిషంలో కూటమి విడిపోయింది. "వచ్చే ఏడు నిలబెడతాం, చూడు" అన్నాడు. ఆ ఏడు వచ్చింది. ఆయన లేడు.

మోహన్‌కుమార్ కుర్చీ వెనక్కి జరిపాడు.

"సైన్యం మాది, విమానాలు మావి. మీరు ఫ్రీగా నిద్రపోతారు. సమానంగా ఖర్చు పెట్టండి, లేకుంటే మేము ఔట్!"

"నిద్రా? మేమా?" సహన పల్లవి రాసిచ్చిన కాగితం పక్కన పడేసింది.

"అప్పా, ఆనేకల్లు దగ్గర మా ఊర్లో రాగి కోతలప్పుడు ఏనుగులు దిగుతాయి. కావలికి ఊరంతా తలా ఒకటి ఇస్తారు. పెద్ద రైతులు ఏనుగుల్ని బెదరగొట్టే పటాకులు తెస్తారు. మా అవ్వకి అంత దుడ్డు లేదు. కానీ అడవి అంచున మంచె ఆమె చేన్లోనే ఉండాది. ఏనుగు ఫస్టు తొక్కేది ఆమె పైరునే. ఆమె కేక వేస్తేనే ఊరు లేచేది. ఆమెను నిద్రపోతాండావని ఎవురూ అన్లేదు!"

"అయితే పటాకులన్నీ మేమే కొనాల్నా?"

"మీరు లేచిపోతే మా చేను తొక్కినాక ఏనుగు మీ చేనికే వస్తాది. అడ్రస్ అడగదు!"

హాలు గొల్లుమంది. మోహన్‌కుమార్ కూడా నవ్వాడు, కానీ పెన్ను తీయలేదు.

"టార్చిలైట్లన్నా మీరు తెస్తారా?"

"తెస్తాం. ఏటేటా కొంచెం ఎక్కువే తెస్తాం."

"మాట?"

"మాట!"

గంట దగ్గరి పెద్దాయన సుత్తి ఎత్తాడు. మోహన్‌కుమార్ గబగబా సంతకం గీశాడు. సహన పెన్ను రాయలేదు. విదిలించింది. అయినా రాయలేదు. మోహన్‌కుమార్ తన పెన్ను విసిరాడు.

"ఇందా, ఇది కూడా మా ఖర్చే!"

ఆమె సంతకం ముగియడం, గంట మోగడం ఒక్కసారే జరిగాయి.

పల్లవి ఎప్పుడు లేచి నిలబడిందో ఆమెకే తెలియదు. రెండు వేళ్లు నోట్లో పెట్టుకుంది. గాలి మాత్రమే వచ్చింది.

వేదిక మీంచి సహన అరిచింది: "గట్టిగా, మిస్!"

రెండోసారి ఈల హాలంతా మోగింది.