ఉమ్మడి ఫైల్లో నా చోటు

నేను ఒక లైనుని. కంప్యూటర్లో ఉంటాను. నాకు తెలిసింది ఒక్కటే సంగతి: చుక్కలు కట్టే పనిముట్టు ఫలానా చోట ఉందని. అడిగితే అదే చెబుతాను. అంతకు మించి నాకు మాటలు రావు.

నన్ను రాసింది హేమసుందరి. విశాఖపట్నంలో ఒక చిన్న ఆఫీసులో పని చేస్తుంది. తెలుగు అక్షరాలను, చూపు లేనివాళ్లు వేలితో చదువుకునే బ్రెయిలీ చుక్కలుగా మార్చే ప్రోగ్రాం అక్కడ తయారవుతుంది. రాసిన ముక్కలన్నీ కలిపి పనికొచ్చేలా కట్టడాన్ని వాళ్లు బిల్డు అంటారు. ఆ పని ఒక పెద్ద యంత్రం చేస్తుంది. దానికి కావలసిన సంగతులు ఉమ్మడి ఫైల్లో ఉండాలి. ఆ ఫైలు పాస్‌వర్డు, యంత్రాన్ని చూసుకునే గవర్రాజు దగ్గర ఉంటుంది.

గవర్రాజుతో హేమసుందరికి ఇరవై రోజులుగా మాటల్లేవు. ఆమె భోజనానికి వెళ్లినప్పుడు ఆమె సిస్టం ఆపేశాడట. పొద్దుటి నుంచి రాసిందంతా పోయింది. ఇక ఆయన్ని అడగడం ఇష్టం లేక నన్ను తన సొంత ఫైల్లో రాసుకుంది. మనుషులకు కోపం వస్తే నాలాంటివాటికి చోటు తప్పుతుంది.

ఆమె సిస్టంలో అంతా బాగానే నడిచింది. పెద్ద యంత్రం మాత్రం పనిముట్టు దొరకలేదని ఎర్రక్షరాలు చూపింది. అది ఎవరి సొంత ఫైలూ తెరవదు. నన్ను అడగనే లేదు.

ఆ రోజే అంధుల బడి నుంచి సన్యాసిరావు మాస్టారు వచ్చి కూర్చున్నారు. ఆయనకూ చూపు లేదు. మర్నాడే పదో తరగతి పిల్లలకు పరీక్ష. పాత ప్రోగ్రాం వత్తులకు పెట్టాల్సిన చుక్క మింగేసి, ‘అక్క’ను ‘అకక’ చేసింది. ఈ బిల్డు అయితేనే సరైన ప్రశ్నపత్రాలు.

“మాస్టారూ, నా సిస్టంలో బానే అవుతోందండి. యంత్రం సంగతి చూసుకోమనండి,” అంది హేమసుందరి.

“యంత్రానికేం, గుండ్రాయిలా ఉంది మాస్టారూ. ప్రోగ్రాం చూసుకోమనండి,” అన్నాడు గవర్రాజు.

“ఎదుటివాళ్ల సిస్టంలు ఆపడానికైతే బాగా తీరిక ఉంటుందనండి.”

“అలిగి కూర్చుంటే యంత్రం భయపడదనండి.”

మాస్టారు చేతికర్ర ఒళ్లో పెట్టుకున్నారు. “ఏటమ్మా ఇది? గంట నుంచీ ఇద్దరూ నాకే సెప్తన్నారు. నాకు కంప్యూటరంటే ఏటో తెలీదు. మీలో మీరు మాటాడుకోరేటి?”

మాస్టారు హేమసుందరి గొంతు వచ్చిన వైపు తిరిగారు.

“నీ సిస్టంలో ఉన్నదేటి, ఆ యంత్రంలో లేనిదేటి? అది సెప్పమ్మా. నాకు కాదు, ఆ బాబుకి.”

హేమసుందరి తన కుర్చీని గవర్రాజు వైపు తిప్పింది. “గవర్రాజు గారూ,” అంది, “పనిముట్టు ఎక్కడుందో చెప్పే లైను నా ఫైల్లో పెట్టుకున్నాను. మీకివ్వలేదు.”

“ఆ రోజు మీ సిస్టం వేడెక్కి కాలిన వాసనొచ్చిందండి. అందుకే ఆపాను. ఆ ముక్క చెప్పాల్సింది,” అన్నాడు ఆయన. “సరే, ఆ లైను ఇలా పంపండి.”

అలా చేతులు మారి ఉమ్మడి ఫైల్లో చేరాను. నాలో ఒక్క అక్షరం మారలేదు. ఈసారి యంత్రం అడిగింది, చెప్పాను. ఎర్రక్షరాలు పోయాయి.

మూడింటికి మొదటి కాగితం వచ్చింది. మాస్టారు వేలు నెమ్మదిగా జరిపారు. ఒకచోట ఆగి, వెనక్కి వెళ్లి, మళ్లీ తడిమారు.

“సుక్క పడ్డాది,” అన్నారు. కాగితం మీంచి చెయ్యి మాత్రం తియ్యలేదు.

రెండేళ్లకు కొత్త పనిముట్టు వచ్చింది, దానికి కొత్త లైను. నా ముందు ఒక గుర్తు పెట్టారు. అది ఉంటే యంత్రం నన్ను చదవకుండా దాటిపోతుంది. కష్టమేమీ లేదు. ఊరికే ఉండటం నాకు అలవాటే.

మొన్న హేమసుందరి ఆ ఫైలు తెరిచింది. “గవర్రాజు గారూ, ఈ పాత లైను ఇంకా ఉందేంటండీ? తీసెయ్యనా?”

ఆయన కుర్చీలోంచి లేవకుండానే, “ఉండనీండి. అదేమైనా తిండి అడుగుతోందా?” అన్నాడు.

ఆమె నవ్వి ఫైలు మూసింది.