జాయ్స్ చేసిన ప్రార్థన

"ఆ కోటు నానబెట్టొద్దత్తా" అని జాయ్స్ అనడం అది మూడోసారి. సామ్రాజ్యమ్మ వినిపించుకోకుండా బకెట్లో సబ్బుపొడి కలుపుతూనే ఉంది.

"రేపు సోమవారం కాదా? తెల్లకోటు లేకుంటే ల్యాబ్‌లోకి ఎవురు రానిస్తారు? చర్చిలో అందరికీ చెప్పుకుంటాండా, మా కోడలు సైంటిస్టని."

"అది కాదత్తా, రేపు నేను..."

"సుమ్నే ఊరుకో జాయ్స్," వరండాలోంచి మోజెస్ అందుకున్నాడు. "మళ్ళా ఆ ప్యాంట్ల కథేనా? ఎమ్మెస్సీ చదివింది ఫోన్లో జీన్సులు అమ్మేదానికా?"

ఆ మాటలో కోపం లేదు. భార్య మాటను సగంలో అందుకోవడం అతనికి అలవాటు, అంతే. మంచివాడే. ఆమెకు జ్వరమొస్తే పక్కన కూర్చుని నుదుటిమీద తడిగుడ్డ మార్చేవాడే. కానీ పెళ్లైన ఈ పన్నెండేళ్లలో ఆ ఇంట్లో ఒక మాట చివరిదాకా చెప్పిన జ్ఞాపకం జాయ్స్‌కు లేదు. నీటి పరీక్షల ల్యాబ్‌లోనూ అంతే. బోరునీళ్లలో ఫ్లోరైడ్ ఎంతుందో తేల్చేది ఆమె, రిపోర్టు కింద సంతకం మాత్రం ఆమె దగ్గరే పని నేర్చుకున్న ప్రశాంత్‌ది. పక్కింట్లో ఉండే పాపి అనే ఆమె కౌల్‌బజార్‌లోని కుట్టు షెడ్డులో జీన్సులు కుడుతుంది. ఆమె కోసం ఒకరోజు ఫోన్లో రెండు ప్రకటనలు పెట్టి చూసింది జాయ్స్. ఫొటో అదే, ధర అదే, పైన రాసిన మాట ఒక్కటే మార్చింది. మొదటిదాన్ని చూసి ముగ్గురు అడిగారు, రెండోదాన్ని చూసి నూట నలభైమంది. ఒక్కటి మార్చి తక్కినవన్నీ అట్లే ఉంచడం తనకు వచ్చిన విద్యే కదా! ఆ తర్వాత ఆర్నెల్లు తెల్లారుజామున లేచి డిజిటల్ మార్కెటింగ్ నేర్చుకుంది. ఇప్పుడు షెడ్లవాళ్లంతా కలిసి ఆన్‌లైన్ అమ్మకాలు చూడటానికి ఆమెను రమ్మంటున్నారు. రేపటిలోగా జవాబు చెప్పాలి. మూడు రోజులుగా ఇంట్లో చెప్పబోతూనే ఉంది.

సాయంత్రం ఏడింటికి కుటుంబ ప్రార్థన. మామ ఆర్థర్ వాక్యం చదివి, కళ్లద్దాలు మడిచి, "ఈ పొద్దు ప్రార్థన ఎవురు చేస్తారు?" అన్నాడు.

"నేను చేస్తా మామా."

నలుగురూ కళ్లు మూసుకున్నారు.

"పరలోకమందున్న మా తండ్రీ, నీకు స్తోత్రం." ఊపిరి తీసుకోవడానికి ఆగింది. అయినా ఎవరూ మధ్యలో అందుకోలేదు. దేవుడితో మాట్లాడేవాళ్లకు ఆ ఇంట్లో ఎవరూ అడ్డురారు. "ల్యాబ్‌లో ఇన్నేండ్లు నన్ను కాచినందుకు స్తోత్రం. రేపు ఆ పని మానేస్తాండా ప్రభువా. జీన్స్ షెడ్ల పనికి ఒప్పుకుంటాండా. నన్ను కూతురి మాదిరి చూసుకున్న మా అత్తకు నామోషీ అనిపించకుండా చూడు. పొద్దున ఎనిమిదింటికే నేను పోవాల. ఇంక పొద్దుటి వంట మోజెస్ చేస్తాడు. ఆయన చేతులకు నీ బలమియ్యి తండ్రీ. ఆమెన్."

మోజెస్ ఒక కన్ను తెరిచి వాళ్లమ్మ వంక చూశాడు.

"ఆమెన్" అంది సామ్రాజ్యమ్మ, చర్చిలో కంటే గట్టిగా. కళ్లు ఇంకా తెరవలేదు. "ఆరింటికి లేపుతాలేరా మోజెస్."