మందు కొట్టు లేని కోట

కాలు విరిగి ఇంట్లో పడ్డానే గానీ నా బుర్ర విరగలేదు. ఆ సంగతి మా ఆవిడకి ఎన్నిసార్లు చెప్పినా ఎక్కదు. అందుకే అమ్మాయి ట్రైనింగుకి వెళ్తూ తన కోటని నాకు అప్పగించినప్పుడు మీసం తిప్పాను.

కోటంటే కంప్యూటర్లోది. పాతకాలపు రాజుల ఆట. పొలాలు, మిల్లు, రొట్టెల బట్టీలు, పన్నులు, అన్నీ మనమే చూసుకోవాలి. మనం పడుకున్నా ఆ ఊరు ఆగదు. జనం సగానికి పడిపోతే కోట పక్క దొర పాలవుతుంది. ఆ దొర మా అమ్మాయి ఆఫీసు కుర్రాడే. రోజూ దాన్ని ఏడిపిస్తుంటాడు.

"నాన్నా, ఏడాది పట్టింది దీన్ని కట్టడానికి. చలికాలం గట్టెక్కించు చాలు. ఏదీ కెలక్కు," అంది.

"గ్యారేజీలో అంతమంది మెకానిక్కుల్ని నడిపినవాణ్ణి, నాకే చెప్తావేంటే!"

అది గుమ్మం దాటిందో లేదో, సంత పక్కన మందు కొట్టు కనపడింది. నా ఒళ్లు మండింది. నా ఊళ్లో మందు కొట్టా? వెంటనే మూసేశాను.

మర్నాటికి జనం మొహాలు మాడ్చుకున్నారు. ఆ తర్వాత మూటలు నెత్తిన పెట్టుకుని గేటు దాటడం మొదలెట్టారు. వడ్రంగి పోయాడు, మిల్లువాడు పోయాడు. ఇంకాస్తయితే జనం సగమే మిగులుతారు.

"పిల్ల కట్టుకున్నది కాస్తా తగలేశారు. ఆ బొత్తమేదో నొక్కి తెరవండి," అంది మా ఆవిడ, తువ్వాళ్లు మడతపెడుతూ.

"చచ్చినా తెరవను."

"మీ పంతం మండా!"

పంతమే. కానీ చేతులు ముడుచుకు కూర్చోలేదు. గోదాములన్నీ వెతికాను. బీరు కోసం దాచిన బార్లీ గుట్టలుగా పడుంది. పక్క దొర ఊరినిండా మందు కొట్లే, వాడి బార్లీ పంటేమో ఎండిపోయింది. కబురు పెట్టాను: బార్లీ మూటకి గోధుమలు రెండు మూటలు. కక్కలేక మింగలేక పంపాడు. ఆ గోధుమలతో బట్టీలు ఆగకుండా నడిపించాను. రొట్టెలు రెట్టింపు పంచి, పన్ను సగం కోశాను. మందు కొట్టు నడిపినవాణ్ణి మిల్లులో పెట్టాను. వెళ్లినవాళ్లు వెనక్కొచ్చారు, కొత్తవాళ్లూ వచ్చారు. నేను కట్టు కాలితోనే ఇల్లంతా ఊరేగాను.

అమ్మాయి వచ్చీ రాగానే, భుజాన బ్యాగు దించకుండా తెర ముందు కూర్చుంది.

"అమ్మో, జనం పెరిగారే! అందుకా వాడు పొద్దున ఫోన్ చేసి, మీ నాన్నతో బేరం వద్దు బాబోయ్ అన్నాడు!" పకపకా నవ్వింది. అంతలో మూసిన కొట్టు కంటపడింది. "ఒక్క నొక్కుతో పోయేదానికి ఇంత అవస్థ ఎందుకు పడ్డావు నాన్నా?"

దానికి ఎప్పుడూ చెప్పని మాట చెప్పాను. "మీ తాతయ్య జీతమంతా అలాంటి కొట్లోనే వదిలేసి వచ్చేవాడమ్మా. మా అమ్మ ఎదురుచూసి చూసి, పొయ్యి వెలిగించకుండానే మమ్మల్ని పడుకోబెట్టేది."

అది మౌస్ కదిపి మందు కొట్టుని కూల్చేసింది.

"ఇక్కడేం కట్టమంటావు?"

"రొట్టెల బట్టీ."

"రెండున్నాయిగా."

"మూడోది కట్టవే."

కట్టింది. గొట్టంలోంచి పొగ లేచింది.

"ఏమేవ్, ఇలా రా!" అని మా ఆవిడని కేకేశాను. "మన ఊళ్లో పొయ్యి వెలిగింది!"