పదిహేడో మేకు

నేను ఒక అబద్ధం ఆడాను. పుట్టి పద్నాలుగేళ్ళయింది, ఆడింది ఆ ఒక్కటే. ఇత్తడి బిళ్ళకి నోరెక్కడిది, అబద్ధమెలా ఆడుతుంది అని మీరు నవ్వొచ్చు. నవ్వండి. ఒక మనిషి ప్రాణం అడవిలో ఉండగా, ఆమె క్షేమంగా ఊళ్ళోకి వచ్చేసిందని గోడ మీద వేలాడుతూ అందరికీ చెప్పినదాన్ని నేనే. అప్పుడు పట్టుకున్న భయం నన్ను ఇప్పటికీ వదల్లేదు.

మాది చెలిమపల్లి. నల్లమల అంచున ఒక బస్టాండు, రెండు లాడ్జీలు, నాలుగు టిఫిన్ బండ్లు ఉన్న చిన్న ఊరు. చెలిమపల్లిని చూడటానికి చెలిమపల్లికి వచ్చినవాళ్ళని నేను ఇంతవరకూ చూడలేదు. లాడ్జీలో గది తీసుకుంటారు, సంచులు పడేస్తారు, ఇక ఊరి బయటే తిరుగుతారు. ఒకరోజు కొండ మీది కోటకి, ఒకరోజు జలపాతానికి, ఒక సాయంత్రం జీపులో అడవిలోకి. తిరిగొచ్చి పప్పుచారు తిని పడుకుంటారు. నాలుగో రోజు బస్సెక్కి, మా ఊరి పేరు కూడా తప్పుగా చెప్పుకుంటూ వెళ్ళిపోతారు.

నన్ను చేసింది కంచరి వీరాచారి. లాడ్జీలో గీజర్లు పెట్టించాక నీళ్ళు కాచే పాత గంగాళం మూలపడింది. యజమాని దాన్ని జీపుల సంఘానికి దానమిస్తూ, ప్రతి బిళ్ళ మీదా తన లాడ్జీ పేరు కొట్టాలని షరతు పెట్టాడు. వీరాచారి సరేనని తలూపి, నలభై బిళ్ళలు గుండ్రంగా కోసి, అంచులు ఆకురాయితో అరగదీసి, పైన చిల్లు పొడిచి, మధ్యలో అంకె మాత్రం కొట్టాడు. "పేరుకు జాగ సాలలే సేటూ" అన్నాడు. నా అంకె పదిహేడు. గంగాళం అడుగులోంచి వచ్చినదాన్ని కాబట్టి నా వీపు మీద మసి నలుపు ఇంకా ఉంది.

అడవి గేటు దగ్గర రేకుల పాక, పాక గోడకి ఒక చెక్క పలక, పలకకి నలభై మేకులు. వాటికి కాపలా మండ్లి ఈదమ్మ. చెంచు మనిషి, యాభై దాటింది, మోకాలు నొప్పి. అక్షరాలు రావు, అంకెలు వస్తాయి. లోపలికి పోయే ప్రతి మనిషి చేతిలో ఒక బిళ్ళ పెడుతుంది. మేకు ఖాళీగా ఉందంటే మనిషి అడవిలో ఉన్నట్టు. తిరిగి వచ్చాక ఎవరి బిళ్ళ వాళ్ళే ఆమె చేతికివ్వాలి. ఆమె ముఖంలోకి చూసి "వచ్చినవా?" అని అడుగుతుంది. "వచ్చిన" అని నోటితో చెప్పాలి. చెప్పాకే బిళ్ళ మేకెక్కుతుంది. "కనబడుత లేనా?" అని విసుక్కున్న పెద్ద పెద్ద వాళ్ళని కూడా ఆమె అలాగే చెయ్యి చాపి నిలబెట్టింది.

ఆమె పెనిమిటి తేనె కోసం తాడు పట్టుకుని కొండచరియ దిగేవాడు. పైన నిలబడి ఆమె ఇలాగే కేకేసి అడిగేది. ఒకరోజు జవాబు రాలేదు. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పుకోదు. మేం నలభైమందిమీ రోజూ ఆమె చేతిలో పడి లేచేవాళ్ళం గనుక మాకు తెలుసు.

నాకు మనుషులు అరచేతుల ద్వారానే తెలుస్తారు. పులి కనబడాలని ఎన్నెన్ని మొక్కులు మొక్కుతారో! గేటు దాటేటప్పుడు నన్ను గాల్లోకి ఎగరేసి పట్టుకుంటారు. రెండు కిలోమీటర్లు పోయాక పొదలో ఏదో కదిలితే చాలు, చెమటపట్టిన పిడికిలిలో నాకు ఊపిరాడదు. తీరా చూస్తే నెమలి. మళ్ళీ నన్ను ఎగరేయడం మొదలు. ఇలా ఎన్ని చేతుల భయం తాగానో, నాకు మాత్రం అప్పట్లో భయమంటే ఏమిటో తెలియదు.

అది అక్టోబరు చివరి వారం. కోరుట్ల నుంచి సువర్చల టీచరు వచ్చింది. ఉద్యోగం అయిపోయి ఏడాది, ఒంటరి ప్రయాణం. ఇంట్లో అందరూ వద్దన్నా వినలేదట. మొదటిరోజు కోట, రెండోరోజు జలపాతం అయ్యాయి. మూడోరోజు మధ్యాహ్నం మూడింటికి మా గేటు దగ్గరికి వచ్చింది. జలపాతం దారిలో బస్సు కుదుపులకి పట్టుకున్న తలనొప్పి ఇంకా తగ్గలేదు. సంచిలోంచి బామ్ డబ్బా తీసి కణతలకి రాసుకుంది. అదే వేలితో నన్ను అందుకుంది.

ఈదమ్మ మోకాలు పట్టుకుని లేవడం చూసి, "నొప్పా?" అని అడిగి, వంగి ఆ మోకాలికి కూడా ఇంత రాసింది. "వచ్చేటప్పుడు ఈ డబ్బా నీకే ఇచ్చిపోత. నా దగ్గర ఇంకోటి ఉన్నది."

"శానమంది గట్లనే చెప్తరు తల్లీ. బయటికొచ్చినంక ఎవరికి యాదుంటది?"

"నేను టీచర్ని. చెప్పింది మర్చిపోను."

ఆరోజు వెళ్ళింది రెండు జీపులు. బాలస్వామి జీపులో టీచరు, ఒక కుటుంబం వాళ్ళు ఐదుగురు. రూప్లా నాయక్ జీపులో ఆరుగురు కాలేజీ పిల్లలు. ఐదున్నరకల్లా గేటు దాటకపోతే మర్నాటి వంతు పోతుందని సంఘం కట్టుబాటు. దారిలో టైరు పంక్చరై బాలస్వామికి అరగంట పోయింది. చివరి మజిలీ వాచ్‌టవర్ దగ్గర రెండు జీపులూ ఆగేసరికి ఐదు దాటుతోంది. ఉత్తరాన మబ్బు కమ్ముకొస్తోంది.

"నంబర్లన్నీ ఇప్పుడే ఇయ్యండి. గేటు కాడ ఒక్కొక్కరు ఇచ్చుకుంట కూసుంటే నా వంతు పోతది" అని బాలస్వామి తన టోపీ తీసి పట్టాడు. రూప్లా కూడా తన టోపీ తీశాడు. ఇది ఈదమ్మకి తెలియకుండా జీపులవాళ్ళు అప్పుడప్పుడు చేసే పనే. టీచరు నన్ను బాలస్వామి టోపీలో వేసి, "ఒక్కసారి పైకెక్కి చూసొస్త" అంది. పంక్చరైన టైరు వంకే చూస్తూ అతను తలూపాడు. విన్నాడో లేదో.

ఆమె ఇనుప నిచ్చెన ఎక్కి పైకి చేరిందో లేదో, ఉరుము ఉరిమింది. చినుకులు కాదు, ఒక్కసారే వాన. కింద ఉన్నవాళ్ళు అరుచుకుంటూ దగ్గరున్న జీపులోకి దూరారు. కాలేజీ పిల్లల్లో ఇద్దరు బాలస్వామి జీపెక్కారు. అతను వెనక్కి తిరిగి చూస్తే సీట్లు నిండి ఉన్నాయి. టీచరు రూప్లా జీపులోకి పోయి ఉంటుందనుకున్నాడు. రూప్లా జీపులో నలుగురే ఉన్నారు. మిగతావాళ్ళు బాలస్వామి జీపులో ఉంటారనుకున్నాడు. టోపీలు చూసుకున్నారు. ఇందులో ఆరు, అందులో ఆరు. ఇంజన్లు మోగాయి.

ఆ టోపీలో తోటి బిళ్ళల కింద నలుగుతూ నేను అరవాలనుకున్నాను. పైనుంచి ఆమె పిలవడం నాకు వినబడింది. వాన హోరులో ఇంకెవరికీ వినబడలేదు.

గేటు దగ్గర ఈదమ్మ చెయ్యి చాపింది. బాలస్వామి రెండు టోపీల బిళ్ళలూ కలిపి ఆమె ఒళ్ళో గుమ్మరించాడు. "పన్నెండున్నయ్ అత్తా. వానల జనాన్ని దింపకు."

"చేతికి చెయ్యి ఇయ్యాలె గదరా."

"అత్తా, పిల్లలు తడుస్తున్నరు!" లోపలినుంచి మిగతావాళ్ళూ గోల పెట్టారు. ఈదమ్మ ఒక్క క్షణం తటపటాయించింది. ఇన్నేళ్ళలో మొదటిసారి చెయ్యి వెనక్కి తీసుకుంది. జీపులు వెళ్ళిపోయాయి. ఆమె ఒక్కో బిళ్ళనీ మేకుకి తగిలించింది. నన్నూ తగిలించింది. గేటుకి గొలుసు వేసింది.

పలక నిండుగా ఉంది. ఆ పలకని చూసిన ఎవరైనా ఏమనుకుంటారు? అడవిలో ఒక్క మనిషి కూడా లేడనుకుంటారు. ఆ మాట చెబుతున్నది నేను. అక్కడ చీకటి పడుతోంది, ఆమె పైన ఒక్కతే ఉంది, ఆమె కోసం ఎవరూ వెతకరు. లాడ్జీవాడు రేపు పొద్దున దాకా తలుపు కొట్టడు. ఇంటివాళ్ళకి ఫోను రాకపోతే సిగ్నలు లేదనుకుంటారు. నేను మేకు మీద వణికాననే చెబుతాను, గాలికి ఊగావంటే మీ ఇష్టం. భయమంటే ఏమిటో నాకు ఆ సాయంత్రం తెలిసింది. నిజం తెలిసీ కదలలేకపోవడమే భయం.

ఈదమ్మ చెంగుతో మొహం తుడుచుకుంది. తుడుచుకున్న చెయ్యి ముక్కు దగ్గరే ఆగిపోయింది. వేళ్ళు వాసన చూసింది. పలక దగ్గరికి వచ్చి, తడి బిళ్ళల్ని ఒక్కొక్కటే వాసన చూసుకుంటూ నా దగ్గరికి చేరింది. నన్ను తిప్పి మళ్ళీ చూసింది. బామ్.

"డబ్బా ఇస్తనన్నదే ఆ తల్లి" అని గొణిగింది.

మోకాలు ఈడ్చుకుంటూ, వానలో, రోడ్డు అవతలి టీకొట్టు దాకా పరిగెత్తింది. జీపులవాళ్ళు అక్కడే ఉన్నారు. సంగతి చెప్పగానే బాలస్వామి నవ్వాడు. "బామ్ డబ్బా కోసం వానల ఉరికొచ్చినవా అత్తా? రేపు నేను కొనిస్త తీ."

"డబ్బా కాదురా. మనిషేది?"

"రూప్లా బండిల వచ్చింది."

రూప్లా గ్లాసు కింద పెట్టాడు. "నా బండిలనా? నా బండిల నలుగురు పోరగాండ్లే గద."

ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు. బాలస్వామి టోపీ తీసి దాని లోపలికి చూశాడు, అందులో టీచరు ఇంకా దొరుకుతుందేమోనన్నట్టు.

ఈదమ్మ వెనక్కి వచ్చి గొలుసు తీసేముందు నన్ను మేకు మీంచి లాగేసింది. మేకు ఖాళీ అయింది. ఆ క్షణంలో నాకు ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. నా అబద్ధాన్ని ఆమె చెరిపేసింది. కొంగున కట్టుకుని జీపెక్కింది. బాలస్వామి తోలాడు. రూప్లా వెనక నిలబడి టార్చి పట్టాడు.

ఆరు కిలోమీటర్ల దారి. వాన వెలిసింది, చెట్లనుంచి నీళ్ళు మాత్రం కారుతున్నాయి. టవరు ఇంకో మలుపు ఉందనగా ఈదమ్మ "ఆపు" అంది. టైరు జాడల మీద పంజా ముద్రలు. పెద్దవి. పక్క గుంతలన్నిటా నీళ్ళు నిండి ఉన్నాయి, ఆ ముద్రల్లో ఇంకా నీళ్ళు ఊరలేదు. ముద్రలు టవరు వైపే పోతున్నాయి. ఈదమ్మ కొంగుముడిలో ఉన్న నన్ను గుప్పిట పట్టింది. అడవిలో పుట్టిన మనిషి, ఆ అరచేతికి చెమట పట్టగా నేను ఎన్నడూ చూడలేదు. ఆరోజు ముడి తడిసిపోయింది.

టవరు కింద నిచ్చెన మొదటి మెట్టు దగ్గర ఒక చెప్పు పడి ఉంది. ఒక్కటే.

"టీచరమ్మా!" అని పిలిచారు. జవాబు లేదు. మళ్ళీ పిలిచారు. బాలస్వామి స్టీరింగు మీద తల పెట్టుకుని ఏడవడం మొదలుపెట్టాడు. ఈదమ్మ రూప్లా చేతిలోని టార్చి అందుకుని, ఆ మోకాలితోనే నిచ్చెన పట్టుకుంది. ఒక్కో మెట్టుకీ ఆమె గుండె కొట్టుకోవడం నాకు వినబడింది. పైకి చేరి టార్చి తిప్పింది.

మూలకి ఒదిగి టీచరు కూర్చుని ఉంది. రెండు చేతులతో నోరు మూసుకుని ఉంది. జీపుల వెంట పరిగెడదామని కిందికి దిగబోయి, మెట్టు మీంచి కింద దేన్నో చూసి, చెప్పు వదిలేసి పైకి పాకిందని మాకు తర్వాత తెలిసింది. అది పోతూ వస్తూ, మా జీపు చప్పుడు వినేదాకా టవరు కిందే తిరిగిందట. ఊపిరి వినబడుతుందేమోనని ఆమె నోరు మూసుకుంది. మూసిన చేతులు మనుషుల్ని చూశాక కూడా దిగలేదు. ఈదమ్మ కొంగు ముడి విప్పి, ఒక చెయ్యి మెల్లగా లాగి, నన్ను అందులో పెట్టింది. ఆ వేళ్ళు నన్ను పట్టుకున్నాయి. ఏ చెయ్యీ నన్ను అంత గట్టిగా పట్టుకోలేదు.

గేటు దగ్గర ఈదమ్మ ముందుగా దిగి, తన చోట తను నిలబడి, చెయ్యి చాపింది.

"వచ్చినవా తల్లీ?"

టీచరు పెదాలు కదిలాయి, గొంతు రాలేదు.

"కండ్ల ముంగటనే ఉన్నది గదత్తా" అన్నాడు బాలస్వామి.

"నువ్వు చెప్పకు. నీ మాట ఒకపారి విన్న."

చెయ్యి చాపే నిలబడింది. ఎంతసేపో నాకు తెలియదు. చివరికి టీచరు గొంతు పెగిలింది. "వచ్చిన" అంది, అని బావురుమంది. నన్ను ఆ చేతిలో పెట్టింది. వెనకే సంచి వెతికి డబ్బా కూడా పెట్టింది.

బాలస్వామి ఆ తర్వాత టోపీ పెట్టుకోవడం మానేశాడు. ఎండాకాలంలో కూడా వట్టి తలతోనే జీపు తోలేవాడు. ఈదమ్మ కథని ఊరంతా మెచ్చుకుంది. నన్నూ మెచ్చుకున్నారు. నాకు మాత్రం ఒకటే ఆలోచన. ఆరోజు ఆమెకి తలనొప్పి రాకపోయి ఉంటే? వేరే వేలితో నన్ను అందుకుని ఉంటే? అప్పుడు పదిహేడో మేకు నిండుగా, అందంగా, తెల్లారేదాకా అబద్ధం చెబుతూనే ఉండేది.

పోయిన ఏడాది బిళ్ళలకి బదులు ఫోన్లలోనే నంబర్లు ఇవ్వడం మొదలైంది. మా అవసరం తీరింది. కొత్తగా కట్టిన సందర్శకుల హాల్లో, అద్దాల పెట్టెలో మా పలక పెట్టారు. నలభై బిళ్ళల్నీ సన్న తీగతో మేకులకి బిగించారు, ఎవరూ తియ్యకుండా. కింద ఒక అట్ట. 'నాటి పర్యాటకులందరూ క్షేమంగా తిరిగివచ్చారనడానికి ఈ బిళ్ళలే సాక్ష్యం.' ఎవరైనా అది చదివినప్పుడల్లా నా వీపు మసి ఇంకా నల్లబడేది. సాయంత్రం ఐదున్నర అయితే భయం మొదలయ్యేది. బయట జీపులు వస్తూ ఉంటాయి, పలక మాత్రం పొద్దుట్నుంచీ నిండే ఉంటుంది. ఇప్పుడు లోపల ఎవరున్నారో మమ్మల్ని చూసి ఎవరికి తెలుస్తుంది?

పలక పెట్టిన రెండు నెలలకి జరిగిన ప్రారంభోత్సవానికి ఈదమ్మని పిలిచి శాలువా కప్పారు. అట్ట మీద ఏముందో ఒక అమ్మాయి చేత చదివించుకుంది. చాలాసేపు పలక చూసింది. అందరూ ఉపన్యాసాలకి వెళ్ళాక పెట్టె తలుపు తీసి, తీగ మెలి విప్పి, నన్ను తీసుకుని కొంగున కట్టుకుంది. ఇప్పుడు నేను ఆమె ఇంట్లో, ఖాళీ బామ్ డబ్బాలో ఉంటున్నాను. కానీ ఆ సాయంత్రం ఆమె ఇంకా గుమ్మం దాటకముందే కొత్త ఆఫీసరు వచ్చాడు. పలక లెక్కపెట్టాడు. ముప్పై తొమ్మిది.

"పదిహేడో నంబరేదమ్మా?"

ఈదమ్మ ఆగింది. ముడి మీద చెయ్యి వేసి, అడవి వైపు చూసింది.

"ఇంకా రాలే, సారు."