ఎర్రగీత పడని పేర్లు

ఆదివారం అవనిగడ్డలో ఇళ్ళ సొసైటీ ఎన్నిక. రాలేని సభ్యులు తమ బదులు ఫలానావారు ఓటేస్తారని ఫారం నింపి పోస్టులో పంపొచ్చు. శుక్రవారం ఆ కవర్లు విప్పుతున్న గుమాస్తా బాజీ చేయి ఏడో ఫారం దగ్గర ఆగిపోయింది. ఏడింటి మీదా ఒకటే దస్తూరీ. ఏడు ఓట్లూ ప్రెసిడెంటు పూర్ణచంద్రరావుగారి చేతికే.

ఆ ఏడుగురూ రెండేళ్ళ కిందట ఉప్పెనలో కొట్టుకుపోయినవాళ్ళు. సముద్రం కూడా ఇంత పద్ధతిగా ఏరుకోలేదు.

పోయిన సభ్యుల పేర్లకు అప్పట్లో ఎర్రగీత కొట్టింది బాజీయే. శవం దొరకనివాళ్ళను మాత్రం, ఇంటివాళ్ళు బతిమాలితే, లిస్టులో వదిలేశాడు. ఏడో పేరు తన అక్క జమీలాది. దాన్ని ఎవరూ బతిమాలకుండానే వదిలాడు.

జమీలాకు సంతకం వచ్చు. ఫారం మీద మాత్రం మగవాడి బొటనవేలంత ముద్ర ఉంది.

ఆ ఒక్క ఫారం తీసుకెళ్ళి ప్రెసిడెంటు ముందు పెట్టాడు. "ఇది మా అక్క వేసింది కాదండీ."

ఆయన నింపాదిగా కళ్ళజోడు తుడుచుకున్నాడు. "లిస్టులో బతికే ఉందిగా బాజీ. ఉంచింది నువ్వేగా. కాదంటావా, ఇదిగో ఎర్ర పెన్ను. కొట్టేసి, సాయంత్రం మీ అమ్మకు చెప్పు."

అమ్మ ఇప్పటికీ చల్లపల్లి బస్సు వచ్చే వేళకు రోడ్డు మీదకు వచ్చి నిలబడుతుంది.

బాజీ పెన్ను మూత తీశాడు. కాసేపటికి మళ్ళీ పెట్టేశాడు. ఫారం మీద 'చెల్లుతుంది' అని ముద్ర గుద్దాడు.

"మిగతా ఆరూ కూడా," అన్నాడు ప్రెసిడెంటు, తలెత్తకుండానే.